ఎడమ బొటనవేలు, పిచ్ వీలు: ఒక కీబోర్డు ప్లేయరు మణికట్టు కేసు

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున నరసాపురం క్లినిక్‌కి వచ్చిన ఈ ప్లేయరుకి 26 ఏళ్ళు. ఊరు వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డున. ఆదివారం పొద్దున చర్చిలో, సీజన్లో రాత్రిళ్ళు ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. మామూలు రోజుల్లో సాయంత్రం పూట ఇంటి దగ్గర పిల్లలకి నేర్పుతాడు. కుడిచేతి వాటం. రెండు మణికట్లూ నొప్పే, కానీ రెండూ ఒకే నొప్పి కాదు. ఎడమది బొటనవేలి మొదట్లో, ఎముక పొడుచుకొచ్చినచోట సూదిలా గుచ్చుతోంది, ఆరు వారాల నుంచి. కుడిది మణికట్టు వెనకవైపు, గంట వాయించాక మొదలయ్యే లాగుడు.

వాయించడం గురించి అడిగితే అతను బండి గురించి చెప్పాడు. "పంటు దిగి బండి రేవు గట్టెక్కించాలంటే క్లచ్ నొక్కలేకపోతున్నానండి." పంటు అంటే బళ్ళని నది దాటించే పడవ. తువ్వాలు పిండలేడు, 20 లీటర్ల నీళ్ళ టిన్ను ఎడమచేత్తో ఎత్తలేడు. తిమ్మిర్లు లేవు. రాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ రావడం లేదు. కీబోర్డు వాయించేవాళ్ళకి మణికట్టు నొప్పి అనగానే చాలామంది నరం నొక్కుకుపోయిందనే అనుకుంటారు. అది అయితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలులో సగం తిమ్మిరెక్కాలి, రాత్రిపూట ఎక్కువవ్వాలి. ఇక్కడ ఆ రెండూ లేవు. మా దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది "నరం పట్టేసిందండి" అనే అంటారు. జనం నోట నరం అంటే రక్తనాళం, నాడి, స్నాయువు మూడూనూ. ఈ కేసులో దెబ్బతిన్నది స్నాయువు, అంటే కండని ఎముకకి కట్టే తాడు.

అప్పటిదాకా వాడినవి: మందుల షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళలు పది రోజులు, ఒక స్ప్రే, ఒక సాగే మణికట్టు పట్టీ. ఆ పట్టీ కట్టుకునే షోలు వాయించాడు. ఆ పట్టీ బొటనవేలిని బయట వదిలేస్తుంది. జబ్బేమో బొటనవేలి స్నాయువులది. పైగా పట్టీతో వాయిస్తే మణికట్టు చెయ్యాల్సిన చిన్న చిన్న కదలికలన్నీ వేళ్ళ మీదా మోచేతి మీదా పడతాయి.

పరీక్షలో తేలింది

ఎడమ మణికట్టు అంచున చిన్న ఉబ్బు. సరిగ్గా అక్కడే నొక్కితే నొప్పి, 10కి 7. బొటనవేలు మణికట్టుతో కలిసే జాయింటుని నొక్కి తిప్పితే ఏమీ లేదు, కాబట్టి అక్కడ అరుగుదల కాదు. మణికట్టుకి 4 నుంచి 6 సెంటీమీటర్ల పైన ముంజేతి మీద కిరకిరలాడే చప్పుడు ఉందేమో చూశాం, లేదు. ఉంటే అది పక్క జబ్బు, చికిత్స కొంత మారుతుంది. మెడ తిప్పి, వంచి చూసినా చేతిలోకి నొప్పి దిగలేదు. గుప్పిటి బలం ఎడమ 22 కిలోలు, కుడి 37.

ఇక అసలు పరీక్ష. బొటనవేలిని గుప్పిట్లో మూసి మణికట్టుని చిటికెనవేలి వైపు వంచడాన్ని అందరూ ఫింకెల్‌స్టైన్ పరీక్ష అంటున్నారు. అది 1927లో ఐకాఫ్ చెప్పిన పరీక్ష. 1930లో ఫింకెల్‌స్టైన్ రాసినదాంట్లో గుప్పిట లేదు, పరీక్షించేవాళ్ళే రోగి బొటనవేలిని పట్టుకుని చేతిని చిటికెన వైపు చురుగ్గా లాగాలి. గుప్పిట పద్ధతి బాగున్న చేతిలో కూడా నొప్పి రప్పిస్తుంది. వీడియో చూసి ఇంట్లో చేసుకున్న ప్రతివాళ్ళకీ తమకి ఈ జబ్బు ఉన్నట్టే అనిపించడానికి కారణం ఇదే. ఇతనికి లాగే పద్ధతిలోనే కుర్చీలోంచి లేచేంత నొప్పి వచ్చింది. ఇది డి కెర్వేన్ జబ్బు. స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వేన్ 1895లో వర్ణించాడు కాబట్టి ఆ పేరు.

బొటనవేలిని పక్కకి చాపే స్నాయువు ఒకటి, పైకి లేపేది ఒకటి. ఈ రెండూ మణికట్టు అంచున ఒకే ఇరుకు గొట్టంలోంచి వెళతాయి. గొట్టానికి అడుగు ఎముక, పైకప్పు గట్టి పట్టీ. బొటనవేలు పనిచేస్తూ ఉండగా మణికట్టు చిటికెన వైపు వంగితే స్నాయువులు గొట్టం నోటి దగ్గర మడత తిరిగి రాసుకుంటాయి. నెలల తరబడి అదే జరిగితే పైకప్పు మందమెక్కి గొట్టం ఇంకా ఇరుకవుతుంది. అక్కడ ఉన్నది ప్రధానంగా మందమెక్కిన పొర. వాపు తగ్గించే బిళ్ళలు పది రోజులు మింగినా సగమే పనిచేసింది అందుకే.

కుడిచేతిది ఇంత లోతైన వ్యవహారం కాదు. మణికట్టుని ఎదురొత్తిడి మీద పైకెత్తమంటే వెనకవైపు నొప్పి, 10కి 4. గడ్డ లేదు, వాపు లేదు. మణికట్టుని వెనక్కి ఎత్తి పట్టుకునే కండరాలు అలిసిపోయాయి. ఎందుకు ఎత్తి పట్టుకోవలసి వచ్చిందన్నది ప్రశ్న.

టేపు పట్టుకుని చూస్తే

రెండోసారి వచ్చేటప్పుడు కీబోర్డు, స్టాండు తెమ్మన్నాం. చర్చిలోనూ స్టేజీ మీదా ఎవరిచేతనైనా పక్కనుంచి, మోచేయీ కీబోర్డు మెట్లూ (వేళ్ళతో నొక్కే కీలు) కలిపి కనబడేలా, రెండేసి నిమిషాలు వీడియో తీయించమన్నాం. ముందునుంచి తీసిన వీడియోలో మణికట్టు వంపు తెలియదు. పక్కనుంచి తీసింది ఒకటి, నెత్తిమీంచి తీసింది ఒకటి ఉంటే సరిపోతుంది.

ఇతని ఎత్తు 168 సెంటీమీటర్లు. ఏ చోట ఎంత ఎత్తున వాయిస్తున్నాడో కొలిస్తే మూడు చోట్లా మూడు ఎత్తులు.

చర్చిలో కీబోర్డు మామూలు టేబులు మీద ఉంది. టేబులు 75 సెంటీమీటర్లు, కీబోర్డు అడుగు నుంచి మెట్ల పైభాగం దాకా 8. అంటే మెట్లు నేలకి 83 సెంటీమీటర్ల ఎత్తున. కూర్చునేది 43 సెంటీమీటర్ల ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూర్చుంటే ఇతని మోచెయ్యి 66 దగ్గర ఉంటుంది. మెట్లు మోచేతికన్నా 17 సెంటీమీటర్లు పైన. భుజాలు చెవుల దాకా లేపి వాయించడం రెండు పాటలదాకా సాగుతుంది. ఆ తరవాత మణికట్లు కీబోర్డు ముందంచు మీదకి జారి అక్కడ ఆనుకుంటాయి. మణికట్టు కింద, వేళ్ళు పైన. వీడియోలో రెండో పాట చివర ఆ జారడం స్పష్టంగా కనిపించింది.

స్టేజీ మీద దీనికి తలకిందులు. అక్కడ నిలబడి వాయిస్తాడు. నిలబడితే మోచెయ్యి 104 దగ్గర, మెట్లు 86 దగ్గర. ముంజేయి కిందికి వాలుగా దిగుతుంది, చేతివేళ్ళు మెట్ల మీద బల్లపరుపుగా ఉండాలి, ఆ తేడాని మణికట్టు వెనక్కి వంగి భరిస్తుంది. వీడియో ఆపి కోణం కొలిస్తే 30 డిగ్రీలు దాటింది. కీబోర్డు మీద 0 నుంచి 15 మధ్య ఉంటే కండరాలకి సుఖం. మరి స్టాండు పైకెత్తవచ్చు కదా అంటే, కాళ్ళు కత్తెరలా ఉండే ఎక్స్ స్టాండు ఎంత పైకి లేస్తే కాళ్ళ మధ్య ఎడం అంత తగ్గుతుంది. తీర్థంలో (ఊరి జాతరలో) ట్రాక్టరు తొట్టి మీద వేసిన స్టేజీ ఊగుతుంది, పక్కన డ్రమ్ములు. ఊగకుండా ఉండాలని మూడో గాటు దగ్గరే బిగించేవాడు. అతని దృష్టిలో అది తెలివైన పనే, కీబోర్డు పడిపోతే ఎవరిస్తారు డబ్బులు?

ఇంటి దగ్గర పిల్లలు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, కీబోర్డు పీట మీద. పిల్లలకి ఆ ఎత్తు పరవాలేదు. చూపించే మాస్టారికే చేటు. పిల్లవాడికి ఎడమ పక్కన ఒక మోకాలి మీద కూర్చుని, ఒళ్ళు మెలితిప్పి, ఎడమచెయ్యి అడ్డంగా చాచి కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి నొక్కేవి) వాయించి చూపిస్తాడు. ముంజేయి మెట్లకి వాలుగా వస్తుంది, వేళ్ళు మెట్ల వెంట నిటారుగా ఉండాలి, మధ్యలో మణికట్టు చిటికెన వైపు విరుగుతుంది. రోజుకి ఆరేడుగురు పిల్లలు.

కుడిచేతి నొప్పి ఎందుకొచ్చిందో చెప్పడానికి ఈ ఎత్తులు చాలు. ఎడమచేతి నొప్పికి చాలవు.

బొటనవేలు ఎక్కడ పనిచేస్తోంది

ఆర్కెస్ట్రాలో ఇతనికున్న పేరు వేళ్ళ వేగానికి వచ్చింది కాదు. వేణువు, నాదస్వరం బిట్లు అచ్చం ఊదినట్టు పలికిస్తాడు. కీబోర్డు మెట్టుకి మెట్టుకీ మధ్య గమకం ఉండదు. ఆ జారు కావాలంటే ఎడమ చివర ఉన్న పిచ్ వీలే (స్వరాన్ని పైకీ కిందికీ జరిపే చక్రం) దిక్కు. వీడియోలో ఎడమచెయ్యి ఇలా ఉంది: నాలుగు వేళ్ళు కీబోర్డు ఎడమ అంచుని కిందనుంచి పట్టుకున్నాయి, బొటనవేలు ఒక్కటే వీలు మీద ఉంది, అది వీలుని అవతలికి తోస్తోంది, వదిలేస్తే స్ప్రింగు వెనక్కి లాక్కుంటోంది. సగం జారులో ఆపాలంటే స్ప్రింగుకి ఎదురు నిలిపి ఉంచాలి. వీడియోని నెమ్మదిగా నడిపి లెక్కపెట్టాం: ఐదు నిమిషాల పాటలో బొటనవేలు వీలుని 140 సార్లు తోసింది. ప్రతిసారీ మణికట్టు చిటికెన వైపు కొద్దిగా వంగే ఉంది, ఎందుకంటే వేళ్ళు అంచుని పట్టుకున్నాయి. గొట్టంలో రాపిడికి ఇంతకన్నా అనువైన భంగిమ దొరకదు. "ఆయ్, అదేనండి, ఆ పాట అయ్యేసరికే మొదలవుద్ది" అన్నాడు వీడియో చూసి.

దీనికి క్లచ్ తోడయింది. ఫోను కూడా ఎడమచేత్తోనే పట్టుకుని బొటనవేలితోనే జరుపుతాడు. ఈ రెండూ జబ్బుని పుట్టించి ఉండకపోవచ్చు. మానకుండా చూస్తాయి మాత్రం.

మరి తొమ్మిదేళ్ళుగా వీలు వాడుతున్నవాడికి ఈ డిసెంబరులోనే ఎందుకు? ప్రోగ్రాముల డైరీ తెమ్మంటే తెలిసింది. నవంబరులో వారానికి సగటున 9 గంటలు వాయించాడు. డిసెంబరు మొదటి వారం 14, రెండో వారం 22, క్రిస్మస్ వారం 34. సెమీ క్రిస్మస్ సభలు ఒక ఊరి తరవాత ఒక ఊరు, ఆ వెంటనే భోగి నుంచి కనుమ నాటి ప్రభల తీర్థం దాకా ఆర్కెస్ట్రాలు. నెల లోపే పని దాదాపు నాలుగింతలయింది. స్నాయువు కండలా వారంలో అలవాటుపడదు, దానికి నెలలు కావాలి. డెల్టాలో వాయించేవాళ్ళు మా దగ్గరికి జనవరి నెలాఖరునే ఎక్కువగా రావడానికి కారణం చలి అని వాళ్ళనుకుంటారు. చలికి వేళ్ళు బిగుస్తాయి, నిజమే. కాలవగట్టు పక్కన తెల్లవారుఝామున మంచులో వాయించేటప్పుడు ముంజేతుల దాకా స్వెట్టరు ఉండాలి, మొదటి పాటకి ముందు గోరువెచ్చని నీళ్ళలో రెండు నిమిషాలు చేతులు ముంచినా మంచిదే. డైరీలో అంకెల ముందు ఆ చలి లెక్కలోకి రాదు.

మొదటి మూడు వారాలు

ఎడమచేతికి ప్లాస్టిక్ షీటు వేడి చేసి అచ్చు తీసిన స్ప్లింటు, అంటే చేతిని కదలకుండా పట్టి ఉంచే తొడుగు. మణికట్టు 20 డిగ్రీలు వెనక్కి, బొటనవేలు తేలిగ్గా చాచినట్టు, గోరు ఉన్న కణుపు మాత్రం బయట. రాత్రీ పగలూ. స్నానానికీ, రోజుకి మూడుసార్లు చేతిని నెమ్మదిగా కదపడానికీ మాత్రమే తియ్యాలి. మన గాలిలో తేమకి స్ప్లింటు కింద చెమటకాయలు వస్తాయి. లోపల నూలు గొట్టపు గుడ్డ వెయ్యాలి, రెండు ఉంచుకుని రోజూ ఉతికి మార్చాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కాని, నాలుగోరోజు దురద పుట్టి స్ప్లింటు అటకెక్కించిన వాళ్ళు చాలామంది.

ఎముకల డాక్టరుతో ఇంజెక్షన్ మాట కూడా చర్చకొచ్చింది. గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి త్వరగా గుణమిస్తుంది. సూది పడినచోట చర్మం తెల్లబడటం, కింద కొవ్వు కరిగి గుంట పడటం ఉంటాయి, నల్లని చర్మం మీద అది బాగా కనబడుతుంది. షుగరున్నవాళ్ళకి కొన్నాళ్ళు షుగరు పెరుగుతుంది. ఇతనికి షుగరు లేదు, ఆరు వారాల జబ్బు. స్ప్లింటుతో నాలుగు వారాలు చూసి, తగ్గకపోతే ఇంజెక్షన్, అప్పటికీ కాకపోతే గొట్టం పైకప్పుని కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్, ఇదీ వరస. మొదటి మెట్టు మీదే ఆగింది.

ఒకటి గట్టిగా వద్దన్నాం. బొటనవేలిని గుప్పిట్లో పెట్టి లాగే స్ట్రెచింగు. పైన చెప్పిన పరీక్ష భంగిమే అది, రాపిడి పుట్టించేదీ అదే. వ్యాయామం పేరుతో రోజుకి 20 సార్లు దాన్ని చేస్తూ "తగ్గట్లేదండి" అనేవాళ్ళకి ముందు అది మాన్పించడమే సగం వైద్యం.

ఎడమచేత్తో వాయించడం మూడు వారాలు పూర్తిగా ఆపు. కుడిచేత్తో, సరిచేసిన ఎత్తులో, రోజుకి మూడుసార్లు 15 నిమిషాలు. నొప్పి 10కి 3 కిందికి వచ్చాక బలం మొదలు. ముందు కదలిక లేని పట్టు: కుడిచేతి వేలు అడ్డం పెట్టి బొటనవేలిని పక్కకి తోసి 30 సెకన్లు నిలపడం, ఐదుసార్లు, రోజుకి రెండు పూటలు. వారం తరవాత పావు లీటరు నీళ్ళ సీసా. ముంజేతిని టేబులు అంచున ఆనించి, బొటనవేలు పైకి ఉండేలా సీసా పట్టుకుని, రెండో చేత్తో సీసాని పైకి లేపి, జబ్బు చేత్తో ఒక్కదానితోనే నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా దించడం. 12 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. రెండు వారాలకి అర లీటరు, ఎనిమిదో వారానికి లీటరు. కుడిచేతికీ అదే సీసా, అరచెయ్యి నేలవైపు ఉండేలా. చేసేటప్పుడు 10కి 3 దాకా నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పొద్దుటికి దిగిపోవాలి. దిగకపోతే సీసాలో నీళ్ళు తగ్గించాలి.

ఐదో వారంలో తిరగబెట్టింది. మాఘమాసం పెళ్ళిళ్ళు. పాటలన్నీ మేం చెప్పిన కొలతల్లోనే వాయించాడు, తప్పు అక్కడ లేదు. కీబోర్డు కేసుతో కలిపి 10 కిలోలు. ఆటోలోంచి పందిట్లోకి, పందిట్లోంచి ఆటోలోకి ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని మోశాడు. వేలాడే బరువుకి మణికట్టు చిటికెన వైపు వంగుతుంది, బొటనవేలు హ్యాండిల్ మీద బిగుస్తుంది. నొప్పి 2 నుంచి 5కి ఎక్కింది. నాలుగు రోజులు మళ్ళీ స్ప్లింటు. రెండు భుజాలకీ తగిలించుకునే సంచీ కొన్నాక ఆ గొడవ పోయింది. కొనేవరకు కేసుని రెండు చేతులతో ఛాతీకి ఆనించి మోశాడు. ప్రోగ్రాము గంటల గురించి ఎంత వివరంగా అడిగినా, మోత గురించి అడగకపోవడం మా లోపమే.

ఎత్తు సరిచెయ్యడం

కుర్చీలో ముందు సగం మీద కూర్చుని, భుజాలు వదిలేసి, మోచెయ్యి మడిస్తే మోచేతి అడుగు నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. మెట్ల పైభాగం ఆ ఎత్తులోగాని, 1 నుంచి 3 సెంటీమీటర్లు కిందగాని ఉండాలి. ఇంతే సూత్రం. అమలులో అడ్డం వచ్చేవి తొడలు. మెట్లని బాగా దించితే కీబోర్డు అడుగు తొడలకి తగులుతుంది. అందుకని కీబోర్డు దించడం ఒక్కటే సరిపోదు, కుర్చీ కూడా లేపాలి.

ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఒక్కో కుర్చీకి కొద్ది సెంటీమీటర్లు లేస్తుంది. చర్చిలో ఉన్న రకంలో రెండు పేరిస్తే 46, మూడు పేరిస్తే 49. చేతులున్న కుర్చీలు పనికిరావు, మోచేతులు కొట్టుకుంటాయి. 49 మీద కూర్చుంటే ఇతని మోచెయ్యి 72. మెట్లు 71 దగ్గర ఉండాలి, అంటే టేబులు 63. పాస్టరు గారు ఒప్పుకుని వడ్రంగి చేత టేబులు కాళ్ళు 12 సెంటీమీటర్లు కోయించారు. తొడకీ టేబులు పలకకీ మధ్య చెయ్యి దూరేంత చోటు కూడా మిగల్లేదు, దాంతో పలక కింద అడ్డంగా ఉన్న చెక్కపట్టీ తీసేయించాల్సి వచ్చింది. పలక పల్చనైతే రెండు సెంటీమీటర్లు కలిసొస్తాయి. ఈ సంగతి కోయకముందే చూసుకోవాలి.

ముందుకీ వెనక్కీ దూరం కూడా ముఖ్యం. కడుపుకి ఆనేంత దగ్గర కూర్చుంటే మోచేతులు వెనక్కి, పక్కకి పోతాయి. మధ్య మెట్ల మీద రెండు చేతులూ కలిసినప్పుడు రెండు మణికట్లూ చిటికెన వైపు విరుగుతాయి. మోచేతులు ఒంటికి ఒక గుప్పెడు ముందుకి వచ్చేలా వెనక్కి జరగాలి. ఎక్స్ స్టాండు కాళ్ళు మోకాళ్ళకి అడ్డం వచ్చి ఈ దూరాన్ని మనకి తెలియకుండానే మార్చేస్తాయి. కూర్చుని వాయించేవాళ్ళకి టేబులు రకం స్టాండే మేలు.

స్టేజీ మీద నిలబడటం మాన్పించాం. అదే మూడు కుర్చీల లెక్క, స్టాండుని కిందికి దించి కాళ్ళు వెడల్పు చేస్తే ఊగడమూ తగ్గింది. నిలబడే వాయించాల్సిన వాళ్ళు మెట్లని మోచేతి ఎత్తుకి తేవాలి, రెండు పొరల స్టాండయితే జారు బిట్లు వాయించే కీబోర్డుని మోచేతికి దగ్గరున్న పొర మీద పెట్టుకోవాలి. పియానో సంగతి తేలిక. దాని ఎత్తు మారదు, మెట్లు నేలకి సుమారు 73 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి, బెంచీ ఒక్కటే సర్దుకోవాలి. కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్ 14 అంగుళాల కుర్చీ మీద కూర్చుని వాయించలేదా అని వాదించేవాళ్ళు ఉంటారు. వాయించాడు. ఆయన కుర్చీ తెచ్చుకున్నంత తేలిగ్గా ఆయన చేతులు తెచ్చుకోలేం.

తేలిక కీబోర్డు మీద నేర్చుకుని బరువు మెట్ల డిజిటల్ పియానోకి మారేవాళ్ళకి ఒక మాట: పియానో మెట్టు దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు కావాలి, సెంటీమీటరు లోతు దిగుతుంది. మొదటి రెండు వారాలు వాయించే సమయం సగం చెయ్యండి.

బటన్లతో తగ్గే బరువు

ఇవి వైద్యుల కాగితంలో రాసి ఉండవు, కీబోర్డు పుస్తకంలో ఉన్నా ఎవరూ చదవరు.

స్టైలు (కీబోర్డు తనంతట వాయించే తాళం, తోడు సంగీతం) నడుస్తున్నప్పుడు ఎడమచేత్తో కార్డు ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, ఇంకో కార్డు నొక్కేవరకు అదే మోగుతుంది. ఇతను పాట మొత్తం కార్డుని అదిమి పట్టుకునే ఉండేవాడు, హార్మోనియం అలవాటు. వదలడం నేర్చుకోవడానికి పది రోజులు పట్టింది. కోలుకునే రోజుల్లో సింగిల్ ఫింగర్ పద్ధతి పెట్టించాం: మేజరుకి ఒక్క మెట్టు, మైనరుకి దాంతోపాటు ఎడమ పక్కనున్న నల్ల మెట్టు. యమహాలో ఇది ఇలాగే ఉంటుంది, మిగతా కంపెనీలవి కొద్దిగా తేడా. స్టైలు లేకుండా ఆర్గన్, స్ట్రింగ్స్ వాయించేటప్పుడు స్వరం నిలపాల్సింది వేళ్ళు కాదు, సస్టైన్ పెడలు.

తీర్థాల్లో మానిటర్ సౌండు ఉండదు. తన వాయింపు తనకి వినపడక మెట్లని గుద్దుతారు. మొదట మిక్సరు దగ్గరవాళ్ళని అడిగి ఇయర్‌ఫోనుకి ఒక లైను తీయించుకోవాలి. కుదరకపోతే టచ్ సెట్టింగు సాఫ్ట్‌కి మార్చాలి. పేరు చూసి మెత్తగా మోగుతుందనుకుంటారు. మెత్తగా నొక్కినా గట్టిగా మోగేది అదే.

లీడు బిట్లు కుడిచేత్తో ఆక్టేవులో, అంటే ఒకే స్వరాన్ని కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ కలిపి నొక్కి, వాయించే అలవాటు ఉంది. తెల్ల మెట్టు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, ఆక్టేవుకి ఎనిమిది మెట్లు, అంచు నుంచి అంచుకి 18.8 సెంటీమీటర్లు. ఇతని చెయ్యి పూర్తిగా చాస్తే 20. అంటే ప్రతి ఆక్టేవూ దాదాపు చివరిదాకా చాచినట్టే. డ్యూయల్ వాయిస్ (ఒక్క మెట్టుకే రెండు ధ్వనులు) పెట్టి రెండోదాన్ని ఒక ఆక్టేవు పైకి జరిపితే ఒక్క వేలితో రెండూ మోగుతాయి. ప్రేక్షకుల్లో ఎవరికీ తేడా తెలియలేదు, డ్రమ్మరుకి మాత్రం తెలిసిందట.

ఇక వీలు. బొటనవేలిని దాని మీంచి తీసేసి, చూపుడువేలు, మధ్యవేలు రెండింటి మెత్తని భాగం పెట్టించాం. అంచుని పట్టుకోవడం లేదు. కదలిక వేలి నుంచి రాకూడదు, మోచేతి నుంచి ముంజేయి మొత్తం ఒక సెంటీమీటరు ముందుకి జరగాలి. మెట్రోనోము 60 మీద ఒక్క స్వరం పట్టుకుని సగం మెట్టు జారు (సెమిటోన్, అంటే నల్లదైనా తెల్లదైనా ఆ పక్కనే ఉన్న స్వరం దాకా), తిరిగి రావడం, రోజుకి పది నిమిషాలు, వారం. బెండ్ రేంజి (వీలుని చివరిదాకా తోస్తే స్వరం జరిగే దూరం) మామూలుగా 2 సగం మెట్లు ఉంటుంది. దాన్ని 4 చేస్తే అదే గమకానికి తోపు సగం చాలు. దీనికి మూల్యం ఉంది, కొద్దిగా ఎక్కువ తోస్తే శ్రుతి తప్పుతుంది. ఇతను 3 దగ్గర స్థిరపడ్డాడు. వీలు బదులు జాయ్‌స్టిక్ ఉన్న కీబోర్డయితే దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గిల్లి పట్టుకోకుండా చూపుడువేలి పక్కతో తొయ్యాలి. కొన్ని మోడళ్ళలో పిచ్ బెండుని కాలి పెడలుకి అప్పగించవచ్చు, ఇతనిది ఆ రకం కాదు.

పిల్లల క్లాసులో చాప తీసి స్టూలు వేశారు. ఒళ్ళు తిప్పి చూపించడం బదులు, పిల్లవాణ్ణి లేపి తను కూర్చుని వాయించి, మళ్ళీ వాణ్ణి కూర్చోబెడతాడు. పాఠం నెమ్మదించింది, చేతికి హాయి.

తరవాత

12వ వారానికి ఎడమ నొప్పి 10కి 1, గుప్పిటి బలం 32 కిలోలు. కుడిది ఆరో వారానికే పోయింది, దానికి కుర్చీలు పేర్చడం తప్ప పెద్దగా చేసిందేమీ లేదు. వాయించడం పెంచిన తీరు: నాలుగో వారం ఎడమచెయ్యి రోజుకి 10 నిమిషాలు, వీలు లేకుండా. ఆరో వారం వీలు, రెండు వేళ్ళతో, 5 నిమిషాలు. ప్రతి వారం మర్నాటి పొద్దుటి నొప్పి చూసుకుని 5 నుంచి 10 నిమిషాలు కలపడం.

అసలు పరీక్ష మళ్ళీ డిసెంబరే. ఈసారి అక్టోబరు నుంచే వారానికి రెండేసి గంటలు పెంచుకుంటూ వచ్చాడు, సీజను మొదలయ్యేసరికి వారానికి 20 గంటలకి చేతులు అలవాటుపడ్డాయి. క్రిస్మస్ వారంలో 27కి మించి ఒప్పుకోలేదు, రెండు ప్రోగ్రాములు ఇంకొకరికి ఇచ్చేశాడు. పాటల వరస కూడా ఆర్కెస్ట్రా వాళ్ళతో మాట్లాడి మార్పించాడు: వీలు ఎక్కువున్న పాట తరవాత రిథమ్ పాటగాని, మిమిక్రీగాని. కనుమ మర్నాడు ఒక రోజు 10కి 3 నొప్పి, రెండు రాత్రులు స్ప్లింటు, తరవాత లేదు.

ఇలాంటి నొప్పితో వచ్చే ప్రతివాళ్ళకీ ఇదే వర్తించదు. రాత్రి తిమ్మిర్లు ఉన్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, పడి దెబ్బ తగిలినా, ఎర్రగా వాచి జ్వరం ఉన్నా ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. నొప్పి లేకుండా, వాయించేటప్పుడు మాత్రమే ఒక వేలు తనంతట ముడుచుకుపోతుంటే అది మెదడు నుంచి వచ్చే ఇబ్బంది. న్యూరాలజిస్టు చూడాలి, సీసాలు ఎత్తితే తగ్గదు.

ఇతని కేసులో మిగిలిపోయింది ఒకటుంది. నాదస్వరం బిట్టులో ఒక జారుని రెండు వేళ్ళతో వీలు మీద తేలేకపోతున్నాడు. అది బొటనవేలికే పలుకుతుందట. షోకి అలాంటి పాటలు రెండు, వరసగా కాకుండా, అని ఒప్పందం.